పీరు ఎత్తే పిల్లోడికి హుస్సేన్ ఎవరో చెప్పే బడి ఏది?

మా బెళుగుప్ప చుట్టుపక్కల ఏ పల్లెకైనా పోండి. పీర్ల పండగ వచ్చిందంటే ఊరు ఊరంతా చావడి కాడికి చేరుతుంది. గుండం తవ్వేది ఒకరు, కట్టెలు మోసేది ఒకరు, తప్పెట కొట్టేది ఒకరు, పీరు ఎత్తేది ఇంకొకరు. ఆ పొద్దు అన్ని కులాలకూ పని ఉంటుంది. నార్పల మండలం గూగూడు కుళ్లాయప్పకు మొక్కుకునే హిందువుల ఇళ్లు మన జిల్లాలో లెక్కలేనన్ని. ఆ ఇళ్లలో కుళ్లాయప్పలు, మస్తానప్పలు, ఫకీరప్పలు ఉన్నారు. ఇది మన కరువు సీమ గొప్పతనం. ఏ ప్రభుత్వమూ జీవో తీసి నేర్పింది కాదు.

మొన్నటి పండగలో పీరు ఎత్తిన పదో తరగతి పిల్లోడిని పక్కకు పిలిచి అడిగినాను. "హుస్సేన్ ఎవరప్పా?"

"దేవుడు సార్."

"యాడ పుట్టినాడు?"

"గూగూడులో అనుకుంటా సార్."

పక్కనే ఉన్న ముస్లిం పిల్లోడి వైపు చూసినాను. వాడూ తల గోక్కున్నాడు. అప్పటికి నవ్వొచ్చింది. ఇంటికి పోయి పడుకున్నాక నవ్వు రాలేదు.

క్రీ.శ. 680లో ఇరాక్‌లోని కర్బలా మైదానంలో ప్రవక్త మనవడు హుస్సేన్‌ను, ఆయన వెంట ఉన్న కొద్దిమందిని ఖలీఫా యజీద్ సైన్యం చుట్టుముట్టింది. యూఫ్రటీస్ నది దగ్గర్లోనే పారుతోంది. గుక్కెడు నీళ్లు తాగనివ్వలేదు. పసిపిల్లలు దాహంతో అల్లాడిపోయారు. చివరికి చంపేశారు. అన్యాయపు పాలకుడికి తల వంచనన్నందుకు జరిగిన చావు అది. నది కళ్లముందు పారుతున్నా నీళ్లు దక్కకపోవడం అంటే ఏమిటో ఈ దేశంలో సీమవాసికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మన పిల్లోడు ఆ కథ మీద పీరును ఎత్తుకుని నిప్పుల్లో నడుస్తున్నాడు. కథ మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు. బడిలో అయ్యవారు చెప్పలేదు. మసీదులో హజ్రత్ చెప్పలేదు. ఉద్యమంలో తిరిగే మనమూ చెప్పలేదు.

ఈ వ్యాసం ఆ పిల్లోళ్లిద్దరి గురించి.

1823 చెప్పిన లెక్క

ముస్లింలు చదువుకోరు, వాళ్ల మతమే అంత అని టీ అంగడి కాడ తేలిగ్గా అనేస్తారు. చదువుకున్న ఉద్యోగులు కూడా అంటారు. వాళ్లు ఒక పాత కాగితం చదవాలి.

1800లో నిజాం మన జిల్లాలను ఇంగ్లీషు కుంపిణీకి అప్పగించాడు. అందుకే దత్తమండలాలు అన్న పేరొచ్చింది. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. అంతకు ముందు మనం బళ్లారి జిల్లాలో భాగం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రెసిడెన్సీ అంతటా బడుల లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. జిల్లాలో మొత్తం 533 బడులు. అందులో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పార్శీ 21, తమిళం 4, ఇంగ్లీషు 1. చదివే పిల్లలు 6,641 మంది. వాళ్లలో ముస్లింలు 243. మొత్తం ఆడపిల్లలు 60 మంది, అందరూ హిందువులే. ముస్లిం ఆడపిల్ల ఒక్కతీ లేదు. ఇళ్లలో చదువుకున్న వాళ్లు ఈ లెక్కలోకి రాకపోవచ్చు. అయినా ఆ సున్నా గుండెలో గుచ్చుకుంటుంది.

కాంప్‌బెల్ అంతటితో ఆగలేదు. వెనకటికి బడులున్న ఊళ్లలో ఇప్పుడు బడులు ఎందుకు లేవో కారణమూ రాశాడు. ఐరోపా మిల్లుగుడ్డ వచ్చి మన మగ్గాలు ఆగిపోయాయి. డబ్బు సీమ దాటి పోతోంది. చేతులు కాస్త పనికి వచ్చే వయసు రాగానే పిల్లలు కూలికి పోకపోతే ఇల్లు గడవదు. ఈ మాటలు రాసింది ఏ ఉద్యమకారుడో కాదు, కుంపిణీ కలెక్టరే. మగ్గం మీద, దూది ఏకడం మీద బతికిన ముస్లిం ఇళ్లకు ఆ దెబ్బ ఎంత గట్టిగా తగిలి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. బడి మూతపడింది కడుపు కాలి. మతం వల్ల కాదు. రెండు వందల ఏళ్ల తర్వాత ఈరోజు బెంగళూరు గ్యారేజీలో పానా పట్టుకున్న మన పిల్లోడి కథ కూడా అదే.

రెండు చదువులుగా చీల్చింది ఎవరు?

దీనీ చదువు వేరు, దునియా చదువు వేరు. ఒకటి మసీదుకు, ఒకటి ఉద్యోగానికి. ఈ మాట ఎంతగా అలవాటైందంటే, ఇస్లాం పుట్టినప్పటి నుంచి ఇలాగే ఉందని అందరూ నమ్ముతున్నారు. అది నిజం కాదు.

ప్రవక్తకు మొదట వినిపించిన ఆజ్ఞ "చదువు" అన్నదేనని ప్రతి ముస్లిం ఇంట్లో చెబుతారు. బదర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో అక్షరం వచ్చినవాళ్లు పిల్లలకు రాత నేర్పి విడుదలయ్యారని సంప్రదాయ చరిత్రలు రాశాయి. శత్రువు దగ్గరైనా సరే చదువు తీసుకో అన్నది ఆ కథ సారం. 8వ శతాబ్దంలో మన బ్రహ్మగుప్తుడి ఖగోళ గణితం బాగ్దాదుకు చేరి అరబ్బీలోకి పోయింది. ఆ తరువాతి శతాబ్దంలో అక్కడి అల్ ఖ్వారిజ్మీ మన అంకెలతో లెక్కలు చేయడం నేర్పే పుస్తకం రాశాడు. బీజగణితానికి ఆల్జీబ్రా అన్న పేరు ఆయన పుస్తకం పేరు నుంచే వచ్చింది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే మన పిల్లలు రోజుకు పదిసార్లు పలికే అల్గారిథమ్ అన్న మాట ఆయన పేరే. ఎంతమందికి తెలుసు?

మొరాకోలోని ఫెజ్ నగరంలో 859లో మొదలైన ఖరవియ్యీన్ విద్యాలయం కట్టించింది ఫాతిమా అల్ ఫిహ్రీ అనే స్త్రీ అని ఆ దేశ సంప్రదాయం. కైరోలో అల్ అజ్‌హర్ 10వ శతాబ్దంలో లేచింది. బాగ్దాదు నిజామియా 1067లో తెరిచారు. అంత దూరం ఎందుకు, మన దక్కనులోనే బీదరులో బహమనీల వజీరు మహమూద్ గవాన్ 1472లో మూడంతస్తుల మదరసా కట్టించాడు. అందులో పెద్ద గ్రంథాలయం పెట్టాడు. ఔరంగజేబు కాలంలో ఆ చదువుల మేడను మందుగుండు కొట్టుగా వాడుకున్నారని, 1696లో అది పేలి సగం కూలిందని చెబుతారు. పుస్తకం ఉండాల్సిన చోట మందుగుండు పెడితే ఏమవుతుందో ఆ గోడలు ఇప్పటికీ చెబుతున్నాయి.

18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ తీర్చిన దర్సే నిజామీ అనే పాఠ్యక్రమం దేశమంతా నడిచింది. అందులో ధర్మశాస్త్రంతో పాటు తర్కం ఉంది, తత్వం ఉంది, గణితం ఉంది. అది చదివినవాడు ఖాజీ కావచ్చు, కచేరీలో రాయసగాడూ కావచ్చు. మతం, కొలువు ఒకే బడిలో దొరికేవి. ఇంగ్లీషువాడు 1837లో కచేరీల నుంచి పార్శీని తీసేయడంతో ఆ చదువుకు కూడు లేకుండా పోయింది. దెబ్బ తిన్న సమాజం రెండు దారుల్లో నడిచింది. మతాన్నైనా కాపాడుకుందాం అని 1866లో దేవబంద్ మొదలైంది. ఇంగ్లీషు నేర్చి నిలబడదాం అని 1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో పునాది వేశాడు. ఇద్దరిదీ బాధే. కాని ఒకే నది రెండు పాయలై మళ్లీ కలవలేదు. ఆ చీలిక వయసు రెండు వందల ఏళ్లలోపే. ఇస్లాం వయసు 1,400 ఏళ్లు. ఏది అలవాటు, ఏది మతం అన్నది ఇక్కడే తేల్చుకోవాలి.

ఉస్మానియా, కర్నూలు

ఆ రెండు పాయలను కలిపే పెద్ద ప్రయత్నం మన పక్కనే జరిగింది. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టారు. ఇంగ్లీషు రాజ్యమేలే కాలంలో వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం అన్నీ ఉర్దూలో చెప్పారు. అందుకోసం ముందుగానే, 1917లో, అనువాద సంస్థను పెట్టి వందల పుస్తకాలు ఉర్దూ చేయించారు. దేశభాషలో పెద్ద చదువు సాధ్యమే అని నిరూపించారు. అయితే రాజ్యంలో ఎక్కువ మంది మాట్లాడే తెలుగు, మరాఠీ, కన్నడాలకు ఆ గౌరవం దక్కలేదు. తెలుగు పిల్లోడు తన ఇంటి భాష వదిలి ఉర్దూలో చదవాల్సి వచ్చింది. 1948 తర్వాత తెలుగుకు న్యాయం జరిగిందా? లేదు, ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. ఉర్దూ పోయింది, తెలుగూ రాలేదు.

సీమలో 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ కర్నూలులో ఉస్మానియా కళాశాల పెట్టారు. హిందూ ముస్లిం తేడా లేకుండా ఎన్నో తరాలకు అది డిగ్రీ చదువు ఇచ్చింది. ఆయన పేరు మీదే 2016లో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. పేరు ఘనం. సంతోషమే. కాని విశ్వవిద్యాలయం రిజర్వాయరు లాంటిది. మా బెళుగుప్ప మండలంలోనే జీడిపల్లి రిజర్వాయరు ఉంది. పిల్లకాలువ లేకపోతే ఎంత పెద్ద రిజర్వాయరుకైనా మడి తడవదని మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పల్లెలో ఒకటో తరగతికి అయ్యవారు లేనిది కర్నూలులో పీజీ సీటు ఎవరితో నిండుతుంది?

సీమకు పేరు పెట్టినాయన

ఇక్కడ సీమ ఉద్యమ మిత్రులు ఒక్క నిమిషం ఆగాలి. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలు అన్న బానిస పేరు వద్దు, రాయలసీమ అందాం అని ప్రతిపాదించినాయన చిలుకూరి నారాయణరావు. మన సభల్లో ఆయన పేరు గొప్పగా చెప్పుకుంటాం. మంచిదే. ఆయనే అనంతపురం కళాశాలలో తెలుగు చెబుతూ ఖురాన్‌ను మొట్టమొదట తెలుగులోకి తెచ్చినాయన కూడా. ఈ సంగతి ఎన్ని సభల్లో చెప్పాం?

ఆయన ముస్లిం కాదు. ఎవరి మెప్పు కోసమూ చేయలేదు. పొరుగింటి పుస్తకంలో ఏముందో తెలుగువాడికి తెలియాలి అనుకున్నాడు. సీమకు పేరు పెట్టిన చేయి, ఖురాన్‌ను తెలుగు చేసిన చేయి ఒకటే. ఉద్యమానికి ఇంతకన్నా మంచి పునాదిరాయి ఎక్కడ దొరుకుతుంది?

పల్లెలో మూడు దార్లు

ఈ రోజు మా మెట్ట పల్లెలో ముస్లిం పిల్లకు మూడు దార్లు ఉన్నాయి.

మొదటిది ఉర్దూ బడి. 2022లో ఉర్దూను ఆంధ్రప్రదేశ్ రెండో అధికార భాష చేస్తూ చట్టం చేశారు. ఆఫీసు ముందు బోర్డు ఉర్దూలో రాస్తే చదువు వస్తుందా? డీఎస్సీ వచ్చిన ప్రతిసారీ ఒకటే గోడు. ఉర్దూ పోస్టులు రోస్టరులో ఎస్సీ, ఎస్టీలకు పోతాయి, ఆ వర్గాల్లో ఉర్దూ చదివినవాళ్లు దొరకరు, పోస్టు ఖాళీగా మిగిలిపోతుంది. దళితుడికి కొలువు రాదు, ముస్లిం బిడ్డకు అయ్యవారు రాడు. ఆ దళిత అభ్యర్థికి తెలుగు పోస్టుల్లో అదనంగా వాటా ఇచ్చి, ఉర్దూ పోస్టును ఉర్దూ వచ్చినవాడితో నింపితే ఇద్దరికీ న్యాయం జరగదా? ఇద్దరినీ కొట్లాటకు దింపి చోద్యం చూసే పాలకులకు ఇది తోచదు.

రెండోది మదరసా. 2006లో సచార్ కమిటీ తేల్చిందేమంటే, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాకు పోయేది 3, 4 శాతమే. ముస్లిం పిల్లలంతా మదరసాల్లో ఉన్నారనేది పచ్చి అబద్ధం. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో నాలుగో వంతు అసలు బడి ముఖం చూడలేదు, లేదా మధ్యలో మానేశారు అని అదే కమిటీ రాసింది. టీవీల్లో చర్చ ఆ 4 మంది గురించే. ఆ 25 మంది గురించి ఎవరూ నోరెత్తరు. అలాగని మదరసాలో అంతా బాగుందని నేననను. పల్లె మసీదులో సాయంత్రం పిల్లలు నాజిరా చదువుతారు. అక్షరం పలుకుతారు, అర్థం తెలియదు. దూదేకుల పిల్లల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్ల ఇంటి భాష తెలుగు. అరబ్బీ అర్థం కాదు, దాన్ని ఉర్దూలో వివరిస్తే అదీ అర్థం కాదు. తెలుగులో చెబితే ఇస్లాం తగ్గిపోతుందా?

మూడోది తెలుగు సర్కారు బడి. ఎక్కువ మంది పిల్లలు ఉండేది ఇక్కడే. అక్కడ చరిత్ర అంటే రాజులు, దండయాత్రలు. ముస్లిం పేరు వచ్చిన ప్రతిచోటా కత్తి ఉంటుంది. కలం ఉండదు. క్లాసులో ఆ పాఠం వచ్చిన రోజు పక్క పిల్లలు తనవైపు తిరిగి చూస్తే ఆ పిల్లోడు తల ఎక్కడ పెట్టుకోవాలి? పైగా ఎన్‌సీఈఆర్‌టీ 2022లో భారం తగ్గించే పేరుతో పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర పుస్తకం నుంచి ఇస్లాం తొలి శతాబ్దాల పాఠాన్ని ఎత్తేసింది. 2023లో పన్నెండో తరగతి పుస్తకం నుంచి మొఘల్ దర్బారుల పాఠమూ పోయింది. వాట్సాప్‌లో వచ్చే విషం మాత్రం ఎవరికీ భారం కాలేదు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పును కూడా 2022లోనే ఆపేశారు.

ఒక్క మేలు జరిగింది. 2004లో, 2005లో తెచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా, మతం పేరుతో కాకుండా వెనకబాటు పేరుతో, బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చారు. దాన్నీ 2010లో హైకోర్టు కొట్టేస్తే, అదే ఏడు మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. సైకిల్ షాపు వాడి కొడుకు ఇంజనీరు కావడానికి ఆ నాలుగు శాతమే నిచ్చెన. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ నిచ్చెన లాగేస్తామని బెదిరించేవాళ్లను మరిచిపోవద్దు.

ఎవరి గేటు ఎవరికి?

మా మండలంలో నాకు తెలిసిన ఒక ఇల్లు ఉంది. తండ్రి తోపుడు బండి మీద బొరుగులు అమ్ముతాడు. కూతురు ఇంటర్ మంచి మార్కులతో పాసయింది. డిగ్రీకి కళ్యాణదుర్గమో ఉరవకొండో అనంతపురమో పోవాల. "పంపు భాయ్" అన్నాను. "బస్సు వచ్చేది ఎప్పుడో తెలీదు న్నా. సాయంత్రం చీకటి పడ్తుంది. హాస్టలంటే మా వాళ్లు ఒప్పరు. ఏం జేద్దాం?" అన్నాడు. ఆ పాప తలుపు చాటున నిలబడి వింటా ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. 1823 నాటి ఆ సున్నా ఆ తలుపు వెనకే నిలబడినట్టు అనిపించింది నాకు.

ఆఫ్ఘనిస్తాన్‌లో 2021లో తాలిబాన్లు వచ్చాక ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి మూసేశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూసేశారు. ఇస్లాం పేరుతో చేశారు. ఫాతిమా అల్ ఫిహ్రీ వారసులం అని చెప్పుకునే హక్కు వాళ్లకు లేదు. అదే 2022లో మన పొరుగున కర్ణాటకలో తలమీద గుడ్డ ఉందని ఆడపిల్లలను కాలేజీ గేటు బయట నిలబెట్టారు. అక్కడ మతం పేరుతో గేటు వేశారు, ఇక్కడ మతం కనపడిందని గేటు వేశారు. గేటు బయట నిలబడింది మాత్రం రెండు చోట్లా పుస్తకం పట్టుకున్న ఆడపిల్లే.

దారి లేదా? ఉంది. కరువు వస్తే మన అనంతపురం జనం కూలికి కేరళ పోతారు. అక్కడ ఉదయాన్నే ముస్లిం పిల్లలు మదరసాకు పోవడం వాళ్లు చూసే ఉంటారు. 1951లో ఏర్పడిన సమస్త విద్యా బోర్డు కింద వేల మదరసాలు బడి వేళకు ముందే పాఠం ముగిస్తాయి. తర్వాత పిల్లలు మామూలు బడికి పోతారు. మత పాఠం అక్కడి భాషలో అర్థమయ్యేలా చెబుతారు. వక్కం మౌల్వీ లాంటి సంస్కర్తలు నూరేళ్ల కిందటే ఆడపిల్లల చదువు కోసం పోరాడారు. గల్ఫ్ డబ్బు తర్వాత వచ్చింది. ముందు ఆలోచన వచ్చింది.

ఏం అడగాలి?

ప్రభుత్వాన్ని అడగాల్సింది: ఖాళీ ఉర్దూ పోస్టులు నింపాలి. ఆగిన స్కాలర్‌షిప్పులు తిరిగి ఇవ్వాలి. ప్రతి నియోజకవర్గ కేంద్రంలో ముస్లిం ఆడపిల్లలు ధైర్యంగా ఉండగలిగే హాస్టలు కావాలి. కాలేజీ వేళకు బస్సు కావాలి. కర్నూలు ఉర్దూ విశ్వవిద్యాలయంలో నాటి ఉస్మానియా మాదిరి అనువాద సంస్థ పెట్టాలి. ఈసారి ఉర్దూ, తెలుగు రెండింటిలోకీ పుస్తకాలు రావాలి. సీమ విశ్వవిద్యాలయాల్లో దక్కను చరిత్ర, ఇస్లాం నాగరికత చరిత్ర తెలుగులో చెప్పాలి. ముస్లిం పిల్లలకే కాదు, అందరికీ.

ముస్లిం పెద్దలను అడగాల్సింది: మసీదు అరుగు మీద పొద్దున ఒక గంట ఖురాన్ చెప్పండి, అర్థంతో చెప్పండి, తెలుగులో చెప్పండి. ఆ తర్వాత పిల్లను బడికి పంపండి. ఆడపిల్లను చదివించే ఇంటికి జమాతు అండగా నిలబడాలి. అడ్డు నిలబడకూడదు.

మనల్ని మనం అడగాల్సింది: నీళ్లలో వాటా, నిధుల్లో వాటా, కొలువుల్లో వాటా అని అరుస్తున్నాం. న్యాయమే. రేపు సీమ రాష్ట్రం వస్తే దాని పాఠ్యపుస్తకంలో ఎవరి వాటా ఎంత? అందులో చిలుకూరి నారాయణరావు తెలుగు చేసిన ఖురాన్ ఉంటుందా? గూగూడు కుళ్లాయప్ప ఉంటాడా? కర్నూలు అబ్దుల్ హక్ ఉంటాడా? ఇవి లేని సీమ సగం సీమే. రాష్ట్రం వచ్చాక చూద్దాం అనే మాట మనకు కొత్త కాదు. ఆ మాట నమ్మి ఎన్నిసార్లు మోసపోయామో లెక్క మనకే తెలుసు. ముస్లిం సోదరుడికి అదే మాట మనం చెప్పకూడదు.

ఉపాధ్యాయ మిత్రులు జీవో కోసం ఎదురు చూడనక్కర్లేదు. ఈ మొహర్రానికి ముందు ఒక్క పీరియడు చాలు. కర్బలా కథ చెప్పండి. అల్ ఖ్వారిజ్మీ పేరు బోర్డు మీద రాయండి. విద్యార్థి సంఘాలు పల్లె పల్లెలో ఒక సాయంత్రం కూర్చుని చెప్పండి.

వచ్చే పండగకు నేను మళ్లీ అదే ఊరికి పోతాను. అదే ప్రశ్న అడుగుతాను. పీరు ఎత్తే పిల్లోడు, వాడి పక్కన ఉన్న ముస్లిం పిల్లోడు, ఇద్దరూ తల గోక్కోకుండా జవాబు చెప్పాల. తలుపు చాటున నిలబడిన ఆ పాప వాళ్లకు చెప్పే పంతులమ్మ కావాల. దానికోసం కూడా మన ఉద్యమమే.